ముందు వరండాలో ముప్పై ఒక్క గ్లాసులు

నేను అచ్చు వేయించిన పరిశోధన పత్రాలు ఇరవై ఆరు. ఎవరైనా అడిగితే ఇరవై అయిదు అని చెబుతాను. ఆ ఒక్కటి ఎక్కడికి పోయిందో, ఎవరు తీసేశారో, ఇప్పుడు పరిశోధనలోకి వస్తున్న పిల్లలకు చెప్పాలని ఇది రాస్తున్నాను. తీసేసింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగిలింది నిదానంగా చదువుకోవచ్చు.

నేను జీవరసాయన శాస్త్రం చదివి, ఒక వైద్య పరిశోధన సంస్థలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. ఏడాదికొకటి చొప్పున ముప్పై మూడు డైరీలు ఉన్నాయి. తేదీలన్నీ వాటిలో ఉన్నాయి గాని ఇక్కడ రాయను. తేదీ చెబితే మనిషి దొరుకుతాడు. వారాలు మాత్రం చెబుతాను. పేర్లు కూడా చెప్పను, నా పేరుతో సహా.

మనం రాసిన పేపరును ఇంకొకరు తమ పేపరులో ఆధారంగా చూపిస్తే దాన్ని సైటేషన్ అంటారు. ఎన్ని సైటేషన్లు ఉంటే అంత పెద్ద శాస్త్రవేత్త అని మా లోకంలో ఒక నమ్మకం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆ లెక్క తెలుసుకోవాలంటే లైబ్రరీలో లావుపాటి పుస్తకాలు తిరగేయాలి. ఇప్పుడు ఫోనులో పేరు కొడితే చాలు. పెళ్ళిచూపుల్లో జీతం అడిగినట్టు, మా పిల్లలు ఒకరినొకరు అదే అడుగుతున్నారు. నేనూ ఆ లెక్క రాసుకున్నదాన్నే. ప్రతి నెలా మొదటి సోమవారం నా డైరీలో ఆ అంకె ఉంటుంది. కాబట్టి మీకు నీతి చెప్పే అర్హత నాకేమీ లేదు. జరిగింది చెబుతాను.

మా ఇల్లు నారాయణగూడలో. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. మధ్యవయసు ఆడవాళ్ళలో, ఒంట్లో ఏ జబ్బూ లేదనుకునేవాళ్ళలో, రక్తంలో చక్కెర ఎంత ఉంటుందో చూడాలని మా విభాగంలో ఒక పని మొదలుపెట్టాం. మేము ముగ్గురం. మా పెద్దసారు, నేను, అప్పుడే చేరిన ఒక సహాయకురాలు. ఆ అమ్మాయిది నల్లకుంట. ఎవరితోనైనా అయిదు నిమిషాల్లో చుట్టరికం కలిపేసేది. నాకు ఆ విద్య రాదు. అందుకని ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను ఒప్పించే పని ఆమెది, రక్తం నమూనాల పని నాది.

ఆరు ఆదివారాలు. మూడు ఆదివారాలు అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు కింద, కార్లు నిలిపే చోట. నూట రెండు మంది. మూడు ఆదివారాలు చిక్కడపల్లి గల్లీలో ఒక పాత ఇంట్లో. తొంభై ఎనిమిది మంది. మొత్తం రెండు వందలు. పొద్దున్నే పరగడుపున రావాలి. ఆరు గంటలకు వాకిట్లోనే ఆ నల్లకుంట అమ్మాయి అందరినీ అడిగి కాగితం మీద రాసుకునేది, రాత్రి భోజనం తర్వాత ఏమైనా తిన్నారా, తాగారా అని. ఎవరూ ఏమీ తీసుకోలేదు. ఆరున్నరకు నేను లోపలి గదిలో మొదటి సూది వేసేదాన్ని.

ఆ గదిలో నా పని మీద ఈ రోజుకీ నాకు గర్వమే. రెండు వందల గొట్టాల్లో ఒక్కదాని మీద కూడా చీటీ తప్పు పడలేదు. ఏ నమూనా ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు తీశానో అన్నీ రాశాను. ఐసు పెట్టెలో ఎంత సేపున్నాయో రాశాను. గది తలుపు మాత్రం దగ్గరగా వేసుకునేదాన్ని, ఆడవాళ్ళ మాటలకు చెయ్యి తడబడుతుందని.

ఫలితాలు వచ్చాయి. అశోక్‌నగర్ ఆడవాళ్ళు బాగున్నారు. చిక్కడపల్లి ఆడవాళ్ళలో చాలామందికి చక్కెర హద్దు దాటడానికి సిద్ధంగా ఉంది. నూటికి ఎంతమందికో ఇక్కడ రాయను. ఆ అంకెను మళ్ళీ అచ్చులో చూడాలని నాకు లేదు, ఎవరో ఒకరు ఎత్తి రాసుకుంటారు.

రెండు చోట్ల మధ్య నడిచి వెళ్ళేంత దూరమే. ఒకే నీళ్ళు, ఒకే కూరగాయల బండ్లు. అయినా ఇంత తేడా ఎందుకు? పెద్దసారు రెండు రోజులు ఆలోచించి కారణం చెప్పారు. ఇరుకు గల్లీలు, గాలి తగలని వంటిళ్ళు, నడవడానికి చోటు లేకపోవడం. ఒకే నగరంలో అడుగుల దూరంలో ఆరోగ్యం మారిపోతోంది అని పేపరు రాశాం. మొదటి పేరు నాది, చివరి పేరు సారుది, మధ్యలో అమ్మాయిది.

ఆ పేపరు పరుగెత్తింది. నా మిగతా పేపర్లు ఏడాదికి ఒకటో రెండో సైటేషన్లు తెచ్చుకుంటుంటే ఇది నెలకు రెండు తెచ్చేది. ఇరుకు వీధుల గురించి, నగరాల గురించి ఎక్కడెక్కడివాళ్ళో రాసే ప్రతి వ్యాసంలో మా చిక్కడపల్లి ఉండేది. గల్లీ పేరు కూడా వినని వాళ్ళు మా గల్లీ గురించి రాస్తుంటే నాకు బాగుండేది. అబద్ధం ఎందుకు? చాలా బాగుండేది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. నాకు యాభై అయిదు. మా విభాగానికి అధిపతి పదవి ఖాళీ అయింది. వయసు లెక్క ప్రకారం నాకది చివరి అవకాశం. సోమవారం ఇంటర్వ్యూ. ముందు శుక్రవారం సాయంత్రంలోపు పేపర్ల జాబితా, సైటేషన్ల లెక్క ఇవ్వాలి. నా మొత్తం మూడు వందల తొంభై ఒకటి. అందులో ఆ ఒక్క పేపరువి రెండు వందల పద్నాలుగు. పోటీలో ఉన్న ఇంకొకాయనవి మూడు వందల నలభై. లెక్క ఎటు చూసినా నా వైపే ఉంది.

దరఖాస్తులో ఒక గడి ఉంది. అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపరులో మీ సొంత పని ఏమిటో అర పేజీ రాయండి అని. మంగళవారం సాయంత్రం ఆ ఏడాది డైరీ తీశాను. జ్ఞాపకం మీద ఆధారపడి రాయడం నాకు అలవాటు లేదు.

అశోక్‌నగర్ ఆదివారాల కింద ఒక ఫిర్యాదు ఉంది. “మంచినీళ్ళు అడిగేదాకా ఎవరూ ఇవ్వలేదు. వచ్చిన ఆడవాళ్ళు రక్తం ఇచ్చి లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయారు.” చిక్కడపల్లి మొదటి ఆదివారం కింద ఇలా ఉంది. “వచ్చినవారు 33. గ్లాసులు: ముందు వరండా 31, వెనక గది 4. మొత్తం 35. టెంట్‌హౌస్‌కు లెక్కపెట్టి అప్పగించాను.”

గ్లాసులు కిరాయికి తెచ్చినవి. ఒక్కటి తగ్గినా దుకాణంవాడు ఊరుకోడు కాబట్టి నేనే ఏరి లెక్కపెట్టాను. ఎక్కడెక్కడ ఏరానో కూడా రాశాను, ఎందుకంటే నేను అలాంటి మనిషిని. రక్తం ఇచ్చినవాళ్ళు వెనక గదిలోకి వెళ్ళి, అక్కడ ఇడ్లీ తిని, చాయ తాగి, పెరటి దారిన ఇంటికి పోవాలి. అది మా ఏర్పాటు. వరండా రక్తం ఇవ్వబోయేవాళ్ళు కూర్చునే చోటు.

మరి వరండాలో ముప్పై ఒక్క గ్లాసులు ఎందుకున్నాయి?

ఆ ప్రశ్న తొమ్మిదేళ్ళ కింద, గ్లాసులు చేతిలో ఉన్నప్పుడే రావలసింది. అప్పుడు నాకు మొత్తం సరిపోయిందా లేదా అన్నదే ముఖ్యం. ముప్పై అయిదు వచ్చింది, సరిపోయింది, అప్పగించాను.

మిగతా రెండు ఆదివారాలు చూశాను. రెండో ఆదివారం వచ్చినవారు 34, వరండా 32, వెనక గది 4. మూడో ఆదివారం వచ్చినవారు 31, వరండా 29, వెనక గది 4. వెనక గది నాలుగింటిలో రెండు మావి. అంటే ప్రతిసారీ ఇద్దరు మాత్రమే రక్తం ఇచ్చాక తాగారు. మిగతా అందరూ ముందే తాగారు.

బుధవారం పొద్దున్న ఆఫీసు తెరవగానే పాత రిజిస్టరు తీయించాను. వరస నంబర్ల ప్రకారం చక్కెర విలువలు పక్కపక్కన రాశాను. మొదటి ఆదివారం ఒకటి, రెండు నంబర్లు బాగున్నాయి. మూడో నంబరు కొంచెం ఎక్కువ. నాలుగో నంబరు నుంచి మెట్లెక్కినట్టు ఎక్కాయి. రెండో ఆదివారం కూడా అంతే. మూడో ఆదివారం కూడా అంతే. తొమ్మిదేళ్ళుగా ఆ అంకెలు నా బీరువాలో అలాగే ఉన్నాయి. వాటిని వయసు ప్రకారం పేర్చాం, బరువు ప్రకారం పేర్చాం, చదువు ప్రకారం పేర్చాం. కూర్చున్న వరస ప్రకారం ఎవరూ పేర్చలేదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి చిక్కడపల్లి నడిచి వెళ్ళాను. ఇల్లు అలాగే ఉంది. ఆ ఇంటావిడ నాకన్నా అయిదారేళ్ళు పెద్ద, వరండాలో చిక్కుడుకాయలు ఏరుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

“ఎవరూ, సూది డాక్టరమ్మనా? ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా?”

“నేను డాక్టరమ్మను కానక్కా, పరిశోధన చేసేదాన్ని.”

“సూది గుచ్చినంక అందరు డాక్టర్లే తియ్. కూసో.”

కూర్చున్నాను. ఆ రోజుల్లో చాయ ఎప్పుడు ఇచ్చేవారు అని అడిగాను. ఆమె చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

“ఎప్పుడేంది? ఏడు గొట్టకముందే ఇచ్చేదాన్ని. పొద్దుగాల్ల ఇంటికొచ్చిన ఆడోళ్లను ఉత్తగ కూసోబెడ్తనా? మా అత్త ఉంటే నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొడ్తుండె. నువ్వు లోపట తలుపేస్కుంటివి. నీ ఎన్క ఇంత పెద్ద లైను. నేను ట్రే పట్టుకొచ్చేసరికి ఇద్దరు లోపటికి పోతుండిరి, తక్కినోళ్లందరికి ఇచ్చిన.”

“వాళ్ళు ఏమీ అనలేదా?”

“ఒకామె అన్నది, ఏం తాగొద్దన్నరు గద అని. నేనన్న, అది మీ ఇంట్ల అమ్మా, గీడికొచ్చినంక మా ఇంటి మర్యాద మాకుంటది గద అని. అందరు నవ్విన్రు. తాగిన్రు.”

వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. ఆరింటికి అడిగిన ప్రశ్నకు ఆరింటికి నిజమైన జవాబే చెప్పారు. ఆ తర్వాత మేము మళ్ళీ అడగలేదు. ఇంటావిడకు చాయ పెట్టండి అని చెప్పాం, ఎప్పుడో చెప్పలేదు. అది చెప్పవలసిన సంగతి అని మాకు తోచలేదు.

ఆమె లోపలికి వెళ్ళి నాకు చాయ తెచ్చింది. తాను ఇంకో గ్లాసు తెచ్చుకుంది. నాది తియ్యగా ఉంది. ఆమె రెండు గుక్కలు తాగి ముఖం చిట్లించింది.

“నాది చప్పటిది. షక్కర బందు. నువ్వే ఇచ్చినవ్ గద చీటి, హద్దు మీదున్నది, జాగ్రత్త అని. గప్పటిసంది ముట్టలే. నా బిడ్డ పెండ్లిల లడ్డు గూడ నోట్లెయ్యలే.”

మూడో ఆదివారం చివరి నంబరు ఆమెదే. అందరికీ పోసి, తానూ ఒక గ్లాసు తాగి, అందరికన్నా చివర వచ్చి చెయ్యి చాచింది.

ఆ క్షణంలో చెప్పాలి. చెప్పలేదు. ముందు లెక్క పూర్తిగా తేలనీ అనుకున్నాను. అది సాకు. లెక్క పొద్దున్నే తేలిపోయింది. నాకు ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ సంగతి ఆ రోజు డైరీలో ఉంది.

గురువారం మా నల్లకుంట అమ్మాయిని పిలిచాను. అమ్మాయి అంటున్నాను గాని, అప్పటికి ఆమె మా సంస్థలోనే శాశ్వత ఉద్యోగి, ఇద్దరు పిల్లల తల్లి. ఆ ఉద్యోగం రావడానికి ఆ పేపరే కారణం. డైరీ, రిజిస్టరు ముందు పెట్టాను. చదివి రిజిస్టరు మూసింది.

“నేను చూసిన మేడమ్,” అంది. “ట్రే చూసిన. లైన్ల ఉన్నోళ్లకు ఇస్తున్నరని చూసిన. ఒక్క చాయకు ఏమయితది అనుకున్న. కొత్తగ చేరిన గద, మీకు చెప్తె కోపం చేస్తరని భయమైంది.”

“చేసేదాన్నే,” అన్నాను. అది నిజం. నా కోపానికి భయపడి ఒక మనిషి నోరు మూసుకుంటే, ఆ తప్పులో సగం నా ఖాతాలోనే వేయాలి.

“పేపరు వెనక్కి తీసుకోవాలి. రేపు పత్రికకు ఉత్తరం రాస్తున్నాను.”

“తీసుకుందాం మేడమ్. నేను ఒద్దంటలేను. జర ఆగుండ్రి. సోమవారం ఇంటర్వ్యూ గానియ్యుండ్రి. మంగళవారం రాయుండ్రి. నాలుగు రోజులల్ల ఏం మునుగుతది?”

ఇద్దరం కలిసి పెద్దసారు దగ్గరకు వెళ్ళాం. ఆయన అప్పటికి రిటైరై హైదర్‌గూడలో ఉంటున్నారు. కృష్ణా జిల్లా నుంచి కుర్రతనంలో వచ్చిన మనిషి. కళ్ళజోడు మార్చి, డైరీ పేజీ వెలుతురుకు పెట్టి చదివారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వు మంచిది కాదు.

“ఇన్నేళ్ళు ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలు చెప్పుకున్నాను. చివరికి ఒక టెంట్‌హౌస్ గ్లాసు నన్ను పట్టుకుందన్నమాట.”

“గ్లాసు కాదండీ, ముప్పై ఒకటి.”

“నీకు ఇప్పుడు కూడా లెక్కేనా!” అన్నారు. డైరీ మూసి, “చూడమ్మా, తప్పు ఒప్పుకోవద్దని నేననను. కానీ తొమ్మిదేళ్ళు ఆగింది, ఇంకో నాలుగు రోజులు ఆగలేదా? ఆ కుర్చీలో కూర్చుని రాస్తే ఉత్తరానికి బరువు కూడా ఉంటుంది. కుర్చీ పోగొట్టుకుని రాస్తే కక్షతో రాసిందంటారు” అన్నారు.

ఆయన మాటలో తర్కం ఉంది. దాన్ని కాదనడానికి నాకు రాత్రంతా పట్టలేదు, ఆ ఇంటి మెట్లు దిగేలోపే జవాబు దొరికింది. చిక్కడపల్లి ఇంటావిడ చేసిన తప్పు ఏమిటి? చాయ ఇవ్వడమా? కాదు. అదే చాయ, అదే గ్లాసు, సూది తర్వాత ఇస్తే మర్యాద. సూదికి ముందు ఇచ్చింది కాబట్టి తొంభై ఎనిమిది మంది లెక్క పాడైంది. నా ఉత్తరమూ అంతే. శుక్రవారం రాసినా మంగళవారం రాసినా అవే మాటలు. ఇంటర్వ్యూకు ముందు రాస్తే ఒప్పుకోవడం, తర్వాత రాస్తే కుర్చీ దక్కించుకోవడం. వరస తప్పితే ఏమవుతుందో ఒకసారి చూశాను. రెండోసారి తెలిసి చేయలేను.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి పత్రిక సంపాదకుడికి ఉత్తరం పంపాను, నకళ్ళు పెద్దసారుకూ అమ్మాయికీ. ఒకటిన్నర పేజీ. ఇరుకు గల్లీల మాట ఒక్కటీ లేదు, చాయ మాట ఉంది. తర్వాత అశోక్‌నగర్‌లో ఒక జిరాక్సు దుకాణానికి వెళ్ళాను. పోటీ పరీక్షల పిల్లలు హాల్‌టికెట్ల కోసం వరస కట్టి ఉన్నారు. నా జాబితాలో ఆ పేపరు ఉన్న వరుస మీద అడ్డగీత గీసి, కింద “వెనక్కి తీసుకోవడానికి ఈ రోజు రాశాను” అని చేర్చాను. దుకాణదారు కాగితం చూసి ఆగాడు.

“మేడమ్, గీత పడ్డది. ఆ లైను మొత్తం తీసేసి కొట్టియ్యాల్నా? సాఫ్‌గ ఉంటది.”

“వద్దు బాబూ. కొట్టేసినట్టు కనపడాలి.”

“ఉద్యోగం కోసమేనా ఇది?”

“అవును.”

అతను కాగితం మెషీను మీద పెట్టాడు. వెనకనున్న పిల్లలు మాత్రం నన్ను జాలిగా చూశారు.

ఆదివారం సాయంత్రం పెద్దసారు ఫోను చేశారు. “ఉత్తరం చదివాను. నా పేరు ఎందుకు లేదు?”

“మీకు ఇష్టం లేదనుకున్నాను సార్.”

“తప్పు అచ్చయినప్పుడు పెట్టాను కదా పేరు. దిద్దుబాటు కింద కూడా పెట్టు. ఆ పిల్లను కూడా అడుగు.”

అడగవలసిన పని లేకపోయింది. ఆ అమ్మాయి అప్పటికే సంపాదకుడికి సొంతంగా నాలుగు వాక్యాలు రాసి పంపింది. ట్రే చూసి చెప్పనిది తానేనని అందులో ఉంది. ఆమె ఉద్యోగానికి ఏమవుతుందో అని రెండు నెలలు నేను నిద్రలో కూడా లెక్కలు వేశాను. ఏమీ కాలేదు. ఎవరో పైవాళ్ళు పిలిచి మందలించారు, అంతే.

సోమవారం ఇంటర్వ్యూలో అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన నా జాబితా అటూ ఇటూ తిప్పి, “ఈ కొట్టివేత ఏమిటి?” అన్నారు. చెప్పాను. ఎనిమిది నిమిషాలు పట్టింది. ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఒకావిడ మాత్రం, “వరస నంబర్ల ప్రకారం పేర్చి చూడాలని మీకెలా తట్టింది?” అని అడిగింది. ఆ రోజు శాస్త్రం గురించి అడిగిన ప్రశ్న అదొక్కటే.

“ఇది తీసేస్తే మీ సైటేషన్లు ఎన్ని?”

“నూట డెబ్భై ఏడు.”

“అవతలి అభ్యర్థికి మూడు వందల నలభై ఉన్నాయి.”

“అవునండీ. ఆయనవే ఎక్కువ.”

పదవి ఆయనకు వచ్చింది. అందులో అన్యాయం లేదు. నేను వేసిన లెక్కే అది. మనసుకు కష్టం కాలేదని మాత్రం రాయను. ఆ వారమంతా భోజనంలో ఉప్పు తెలియలేదు.

తర్వాత పని మొదలైంది. కొత్త అధిపతి మంచివాడు, అనుమతి ఇచ్చాడు. నేనూ నల్లకుంట అమ్మాయీ పాత చిరునామాలు పట్టుకుని చిక్కడపల్లి, దోమలగూడ, నల్లకుంట తిరిగాం. కొందరు ఇళ్ళు మారారు, కొందరు లేరు. తొంభై ఎనిమిది మందిలో అరవై ఒక్కరు దొరికారు. అప్పటి పరీక్ష సరిగ్గా రాలేదు, ఈసారి సూదికి ముందు ఏమీ తినొద్దు, తాగొద్దు అని మాత్రం చెప్పాం. అదే ఇంట్లో, రెండు ఆదివారాలు మళ్ళీ రక్తం తీశాం. ఈసారి సూది అమ్మాయి చేతిలో పెట్టి, నేను అయిదున్నర నుంచి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాకన్నా కాపలా ఇంటావిడే ఎక్కువ కాసింది. ఒకామె సంచిలోంచి బిస్కట్టు తీస్తే ఉరిమింది.

“ఏయ్! లోపటెయ్ అది! నువ్వు తింటె ఈ డాక్టరమ్మ మల్ల తొమ్మిదేండ్లకు ఒస్తది!”

అరవై ఒక్కరిలో కొందరికి ఇప్పుడు చక్కెర నిజంగానే ఉంది. తొమ్మిదేళ్ళలో అందరికీ వయసు వచ్చింది. వాళ్ళను డాక్టర్ల దగ్గరకు పంపాం. ఎక్కువమందికి లేదు. ఇంటావిడకు లేదు.

ఆమె ఫలితం చీటీ ఇవ్వడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఈసారి ముఖం చూసే చెప్పాను. మీకు చక్కెర ఇప్పుడూ లేదు, అప్పుడూ ఉండి ఉండదు, మేము చేసిన పొరపాటు అని. ఆమె చీటీ తిప్పి చూసి ఒళ్ళో పెట్టుకుంది.

“తొమ్మిదేండ్లు,” అంది.

“అవునక్కా.”

“నా చాయనే నన్ను పట్టిచ్చిందన్నట్టు.”

“మీ చాయ కాదు. మేము అడగకపోవడం.”

“గా తప్పు సంగతి ఎవలెవలకు చెప్పినవ్?”

“పత్రికలో వేశారు. ఆ పేపరును నమ్మి రాసినవాళ్ళు రెండు వందల పద్నాలుగు మంది. ఒక్కొక్కరికీ ఉత్తరం రాస్తున్నాను.”

“అండ్ల నేనున్ననా?”

“లేరు.”

“మరి నాకెవలు రాస్తరు?”

లేచి వచ్చేశాను.

ఆ ఉత్తరాల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. రెండు వందల పద్నాలుగూ రాశాను. రోజుకు మూడు చొప్పున, డెబ్భై రెండు రోజులు. ముప్పై ఎనిమిది జవాబులు వచ్చాయి. అయిదుగురు తమ పేపర్లు దిద్దుకున్నారు. ఒకాయన, మీ అంకెలు తప్పైనా మా అభిప్రాయం సరైనదే అని రాశాడు. మిగతా జవాబుల్లో ఉత్తరం అందిందన్న మాట తప్ప ఏమీ లేదు. నేను రిటైరయ్యాక కూడా ప్రతి నెలా మొదటి సోమవారం చూస్తూనే ఉన్నాను. వెనక్కి తీసుకున్న పేపరును ఇంకా చదవకుండానే ఎత్తి రాస్తున్నారు. కిందటి సోమవారం ఇంకో రెండు కనపడ్డాయి. రెండు ఉత్తరాలు రాశాను. నాకు ఓపిక ఉన్నంతకాలం రాస్తాను. ఓపిక బాగానే ఉంది.

మా పరిశోధన పిల్లలు అడుగుతుంటారు, ఇన్ని ఉత్తరాల్లో మొదటిది ఎవరికి అని. ఉత్తరాల లెక్క రాసుకునే నా పుస్తకంలో వరస నంబరు ఒకటి పత్రికల్లో రాసే మనిషిది కాదు. చీటీ ఇచ్చి వచ్చిన మర్నాటికి అప్పటిదాకా రాసినవన్నీ కిందికి జరిపి, పైన చిక్కడపల్లి ఇంటావిడకు ఒక గడి చేర్చాను. ఒక పేజీ తెలుగులో రాశాను. మేము ఏం చేశామో, ఏం అడగలేదో, దానివల్ల ఆమె ఏం వదులుకుందో. కింద సంతకం, తేదీ. ఆ ఆదివారం తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆమె నాతోనే చదివించుకుంది. లడ్డు మాట వచ్చినచోట మళ్ళీ చదవమంది. కాగితం మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి రెండు గ్లాసులతో వచ్చింది. నాకు ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఇయ్యాల నెత్తురు తీసేదేమన్న ఉన్నదా?”

“లేదక్కా.”

“పక్కానా?”

“పక్కా.”

“అయితె తీస్కో.”

ఆమె తన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. ముఖం చిట్లించలేదు. ఇంటికి వచ్చి డైరీలో రాశాను: “ముందు వరండా, గ్లాసులు 2. రెండూ తియ్యనివి.”